నేపుల్స్ దగ్గర రోమన్ జలాశయం: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వెళ్లవచ్చా?

నేపుల్స్‌లో ఒక పూట ఖాళీ ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో రోమన్ల భూగర్భ జలాశయం చూడవచ్చా అని అడిగారు కదా. మీరు తప్పక చూడండి, అమ్మగారిని మాత్రం కిందికి దించకండి. బాకోలీలోని పిషీనా మిరాబిలిస్ అనే ఈ జలాశయంలోకి పాతకాలపు రాతిమెట్లు దిగాలి.

మిసేనం రేవులోని రోమన్ నౌకాదళానికి మంచినీళ్ల కోసం టఫ్ అనే మెత్తటి అగ్నిపర్వత రాయిని తొలిచి కట్టారు దీన్ని. సుమారు 72 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తు, 48 స్తంభాలు. సెరీనో ఊటల నీరు అగస్టా అనే రోమన్ కాలువ ద్వారా వచ్చేది. నేల మధ్యలో ఒక గుంట కనిపిస్తుంది. మడ్డి అందులో చేరేది, శుభ్రం చేయడం తేలిక. నాకు స్తంభాలకన్నా ఆ గుంటే నచ్చింది! గోడలకు నీరు ఇంకని గార ఇంకా ఉంది.

మోంటెసాంటో స్టేషన్‌లో కుమానా రైలెక్కి, ఆపై బస్సో టాక్సీయో పట్టుకోండి. ముందే సమయం ఖరారు చేసుకోకపోతే తలుపు తాళం చూసి రావలసిందే.

అమ్మగారికైతే అదే రైలుమార్గంలోని పొట్సువోలీలో దిగి సెరాపియం చూపించండి. అది నిజానికి రోమన్ అంగడి. వీధి పక్క కటకటాల నుంచే బాగా కనిపిస్తుంది. నేల కుంగి సముద్రంలో మునిగినప్పుడు ఆల్చిప్పల జాతి జీవులు తొలిచిన రంధ్రాలు అక్కడి పాలరాతి స్తంభాలపై స్పష్టంగా ఉన్నాయి.