అంటుమొక్కని వేరు చూసి కొన్న క్లబ్బు

ప్రశ్న: మాస్టారండీ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. దాళ్వా కోతలయ్యాక ఖాళీ చేలో కర్రలు పాతి ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లం పదిహేనుమందిమి ఉన్నాం. ఇంగ్లండ్‌లో బ్రెంట్‌ఫర్డ్ అనే చిన్న క్లబ్బు ఆర్సెనల్, చెల్సీ లాంటి వాళ్ల మీద గెలిచిందంటారు కదా, డబ్బుల్లేకుండా అంత పైకి ఎలా వచ్చిందండీ? మాలాంటోళ్లకి పనికొచ్చేది ఏమైనా ఉందా?

జవాబు: బాబూ, డబ్బుల్లేకుండా రాలేదు. మాథ్యూ బెన్‌హమ్ అని చిన్నప్పటి నుంచీ ఆ క్లబ్బు అభిమాని, ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివాడు. ఏ మ్యాచ్‌లో ఎవరు గెలిచే అవకాశం ఎంతో లెక్కకట్టి పందేలు కాసేవాళ్లకి అమ్మే కంపెనీ పెట్టి సంపాదించాడు. క్లబ్బు కష్టాల్లో ఉంటే అప్పిచ్చాడు, చివరికి 2012లో తనే తీసుకున్నాడు. పందేల సొమ్ము అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. క్రికెట్ బెట్టింగులకి పొలాలు పోగొట్టుకున్న ఇళ్లు మన గోదావరి జిల్లాల్లో కళ్లారా చూశాను. ఆ దారి వద్దేవద్దు, లెక్క ఒక్కటీ తీసుకోండి.

ఆ లెక్క ఏమిటంటే, స్కోరు చూసి ఆటని కొలవకూడదు. ప్రతి షాటూ ఎక్కడి నుంచి కొట్టారు, అక్కడి నుంచి కొడితే మామూలుగా ఎన్నిసార్లు గోల్ అవుతుంది అని చూస్తారు. పెనాల్టీ, అంటే గోల్‌కీపర్ ఒక్కడే అడ్డు ఉండగా దగ్గర నుంచి కొట్టేది అయితే నాలుగింట మూడు లోపలికి వెళతాయి, అదే ముప్పై గజాల నుంచి గుడ్డిగా కొడితే చాలా అరుదు. అలా చూస్తే 1-0తో ఓడిన జట్టే ఆ రోజు బాగా ఆడి ఉండొచ్చు.

ఆటగాళ్లనీ ఇలాగే కొన్నారు. అంటుమొక్క కొనేటప్పుడు మనం పైన ఆకు చూస్తాం, కడియం నర్సరీల్లో పెరిగినవాడైతే వేరూ, అంటు కట్టిన చోటూ చూస్తాడు. ఒలీ వాట్కిన్స్‌ని 2017లో నాలుగో అంచె లీగులో ఆడే ఎక్సెటర్ నుంచి దాదాపు 18 లక్షల పౌండ్లకి తెచ్చి, మూడేళ్ల తర్వాత ఆస్టన్ విల్లాకి 2.8 కోట్ల పౌండ్లకి అమ్మారు. అతని చోట్లోకి పీటర్‌బరో నుంచి వచ్చిన ఐవన్ టోనీ ఆ ఏడాదే లీగులో 31 గోల్స్ కొట్టాడు. సొంత అకాడమీలో తయారుచేసిన పిల్లల్ని పెద్ద క్లబ్బులు ఎగరేసుకుపోతుంటే 2016లో దాన్ని మూసేసి, వేరే క్లబ్బులు వద్దన్న కుర్రాళ్లతో బీ టీమ్ పెట్టారు. పిల్లల అకాడమీ మూయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు గానీ, ఖర్చు లెక్కలో వాళ్లకి కారణం ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల ఓర్పు. 2013 ఏప్రిల్‌లో సీజన్ చివరి మ్యాచ్, గెలిస్తే పై లీగుకి వెళ్తారు, ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ వచ్చింది. బంతి గోల్ పైకర్రకి తగిలి వెనక్కొస్తే ఎదుటి జట్టు డాంకాస్టర్ వాళ్లు అటు పరిగెత్తి గోల్ కొట్టి వాళ్లే ఎక్కేశారు! మరుసటి ఏడాది బ్రెంట్‌ఫర్డ్ ఎక్కింది. 2018లో థామస్ ఫ్రాంక్‌ని హెడ్ కోచ్‌ని చేస్తే మొదటి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓడాడు, ఇంకో క్లబ్బయితే ఇంటికి పంపేసేది, వీళ్లు ఉంచారు. అలాగని ఎప్పుడూ తప్పు చేయలేదని కాదు, 2015లో జూన్‌లో తెచ్చుకున్న కోచ్‌ని సెప్టెంబరులోనే పంపేశారు. చివరికి 2021 మేలో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో స్వాన్సీ క్లబ్బుని 2-0తో ఓడించి, 74 ఏళ్ల తర్వాత పై అంచె లీగులో అడుగుపెట్టారు, మొదటి మ్యాచ్‌లోనే ఆర్సెనల్‌ని 2-0తో కొట్టారు.

మీకు పనికొచ్చేది ఉంది. గట్టు మీద కూర్చునేవాడికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఎవరు ఎక్కడి నుంచి కొట్టారు, బంతి ఎక్కడ పోగొట్టుకున్నాం, కార్నర్లు ఎన్ని వచ్చాయి, వాటిలో ఎన్ని షాట్లయ్యాయి, ఇవే రాయమనండి. కార్నర్లు, ఫ్రీకిక్కుల మీద బ్రెంట్‌ఫర్డ్ ప్రత్యేకంగా కోచ్‌నే పెట్టుకుంది. వాటి సాధనకి డబ్బక్కర్లేదు, రోజూ అరగంట చాలు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి క్లబ్బు ఉందా మాస్టారూ? (అమలాపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఉందమ్మా, మిజోరంలో ఐజాల్ ఎఫ్‌సీ. 2016లో ఐ-లీగ్ అనే జాతీయ లీగు నుంచి కిందికి పడిపోయింది, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దొరికింది. ఎక్కువగా మిజో కుర్రాళ్లు, సిరియా నుంచి అల్ అమ్నా లాంటి కొద్దిమంది విదేశీయులు, ముంబై ఎఫ్‌సీ నుంచి వచ్చిన కోచ్ ఖాలిద్ జమీల్. 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో 1-1 డ్రాతో ఛాంపియన్లయ్యారు, ఈశాన్యం నుంచి ఆ లీగు గెలిచిన మొదటి క్లబ్బు అదే. ఆ జమీల్ గారు 2025లో భారత జట్టు కోచ్ అయ్యారు.

పాలకొల్లు బాబూ, పది మ్యాచ్‌లు రాశాక ఆ నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి నాకు పంపండి, చూసి ఇక్కడే రాస్తాను.