గరాజ్‌లో పడున్న 1972 ఎంజీబీ కన్వర్టిబుల్ కొని ఇంజిన్ మనమే రీబిల్డ్ చేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదే కదా, ఒహాయోలో మీ పక్కింటి పెద్దాయన గరాజ్‌లో 1972 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఓపెన్ టాప్‌ది, ఏళ్ల తరబడి కదలకుండా ఉంది, ఇంజిన్ పట్టేసింది, తక్కువకే ఇస్తానంటున్నాడు, తీసుకుంటే ఇంజిన్ మీరే విప్పి బాగుచేసుకోగలరా అని. ఇంజిన్ వరకూ అయితే కచ్చితంగా చేసుకోగలరు. నాదీ అదే మోడల్, నేనూ మీలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, శని ఆదివారాల్లో కూర్చుని చేసుకున్నాను. కానీ డబ్బులు ఇచ్చేముందు మీరు చూడాల్సింది ఇంజిన్ కాదండీ, తలుపుల కింద ఉండే సిల్స్.

ఎందుకంటే ఈ కారుకి జీపుకి ఉన్నట్టు అడుగున విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. మామూలు కారులో పైన రేకు టాప్ కూడా కొంత బరువు మోస్తుంది, కన్వర్టిబుల్‌లో పైన ఉండేది గుడ్డే కాబట్టి ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునేది ప్రధానంగా ఆ రెండు సిల్స్, మధ్యలో గేర్‌బాక్స్ టన్నెల్. సిల్ అంటే బయటికి కనిపించే రేకు ఒక్కటే అనుకోకండి, దాని వెనక మెంబ్రేన్ అని ఇంకో రేకు, దాని లోపల ఇన్నర్ సిల్, అడుగున క్యాజిల్ రెయిల్ అంటారు అదీ, ఇవన్నీ కలిస్తేనే బలం. మీ దగ్గర చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్లు లోపలికి వెళ్లి లోపలి నుంచే తినేస్తాయి, పైన పెయింట్ చూస్తే మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది.

చూసే పద్ధతి చెప్తాను. సిల్ కింద జాకీ పాయింట్ దగ్గర జాకీ పెట్టి మెల్లగా లేపండి, ఇప్పుడు తలుపు తెరిచి మూయండి. తలుపు పట్టేస్తున్నా, తలుపు చుట్టూ సందు మారిపోతున్నా, జాకీ రేకులోకి దిగిపోతున్నా లోపల ఏమీ మిగల్లేదని అర్థం. చిన్న అయస్కాంతం కూడా తీసుకెళ్లండి, అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే. సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే రెండు 6 వోల్టుల బ్యాటరీలు పెట్టే పెట్టెలు ఉంటాయి, వాటి అడుగు కూడా చూడండి.

సిల్స్ పోయినా కారు బాగవుతుంది, రేకులన్నీ కొత్తవి దొరుకుతాయి, బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి మొత్తం బాడీషెల్లే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. కాకపోతే వెల్డింగ్ బాగా అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి, నేనూ ఆ పని బయటే చేయించాను. కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డ్ చేయాలి, ఒకసారికి ఒక వైపే కోయాలి, మధ్యమధ్యలో తలుపు బిగించి సందు సరిచూసుకోవాలి. ఇవేమీ లేకుండా రెండు వైపులా కోసేస్తే బాడీ మధ్యలో కుంగిపోయి ఇక ఏ తలుపూ సరిగ్గా పడదు. ఆ కడ్డీలనే బ్రేసింగ్ అంటారు, "బ్రేసింగ్ ఎలా పెడతారు" అని అడగండి, దానికి సరిగ్గా చెప్పలేని షాపుకి ఇవ్వొద్దు.

ఇప్పుడు ఇంజిన్. ఇది మనకి కొత్తదేం కాదు! బీఎంసీ (బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ 1798 సీసీ ఇంజిన్, మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ ఇంజిన్ కూడా ఆ కుటుంబమే, రెండిటికీ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 88.9 మిల్లీమీటర్లే, బోర్ (సిలిండర్ వెడల్పు) మాత్రం దానికి 73, దీనికి 80.26. మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజిన్లు దించేవాడు, నేను మొదటిసారి ఈ ఎంజీబీ బానెట్ ఎత్తి వీడియో కాల్‌లో చూపిస్తే "ఇది మనదేరా" అన్నాడు. అలాగని అక్కడి పిస్టన్లు తెచ్చి ఇందులో వేయలేం, కానీ పనితీరు మొత్తం అదే, అందుకే అంబాసిడర్ చేసిన పెద్ద మెకానిక్ ఎవరైనా మీకు తెలిసుంటే ఫోన్‌లోనే సగం సందేహాలు తీరతాయి.

పట్టేసింది అన్నారు కాబట్టి సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు. ప్లగ్గులు నాలుగూ తీసి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి (నిప్పుకి దూరంగా) ఒక్కో సిలిండర్‌లో కొంచెం పోసి వారం వదిలేయండి, తర్వాత నాలుగో గేర్‌లో పెట్టి కారుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. చాలాసార్లు పిస్టన్ రింగులు తుప్పుతో పట్టుకుంటాయి అంతే. కదిలినా సరే నేనైతే విప్పేస్తాను, అన్నేళ్లు ఆగిన ఇంజిన్‌లో బేరింగులు ఎలా ఉన్నాయో చూడకుండా నడపడం నాకు ఇష్టం లేదు. పానాలు అంగుళాల సైజులవే కావాలి, మిల్లీమీటర్లవి నట్లని అరగదీస్తాయి.

విప్పాక బ్లాక్, హెడ్, క్రాంక్ మెషిన్ షాపుకి ఇవ్వండి. హెడ్‌ని ముందు పగుళ్లకి చెక్ చేయించమనండి, దాని తర్వాతే మిగతా ఖర్చు. ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి ఎగ్జాస్ట్ పోర్టులు మూడే, మధ్యలో 2, 3 సిలిండర్లకి కలిపి ఒకటే, వేడంతా అక్కడే చేరి ఆ వాల్వ్ సీట్ల మధ్య పగులుతుంది. ఎగ్జాస్ట్ సీట్లు గట్టివి వేయించండి, ఆ కాలంలో సీసం కలిపిన పెట్రోల్‌కి చేసిన ఇంజిన్ ఇది, ఇప్పటి సీసం లేని పెట్రోల్‌కి పాత సీట్లు అరిగిపోతాయి. బోరింగ్ చేయించే ముందే పిస్టన్లు కొని షాపువాళ్ల చేతిలో పెట్టాలి, వాళ్లు పిస్టన్ కొలిచి దాని ప్రకారం బోర్ చేస్తారు. బ్లాక్ తిరిగొచ్చాక ఆయిల్ దారుల ప్లగ్గులు తీయించి బ్రష్‌తో మీ చేత్తో మీరే కడగండి, షాపువాళ్లు కడిగామన్నా సరే, హానింగ్ (సిలిండర్ గోడల్ని రాయితో రుద్దడం) చేసిన పొడి ఒక్క చోట మిగిలినా కొత్త బేరింగులు పోతాయి.

బిగించడం ఓపిక పనే కానీ భయపడే పని కాదు, వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకుని టార్క్ రెంచ్‌తో ఒక్కొక్కటీ చేసుకుంటూ పోవడమే. ట్యాపెట్ల (వాల్వుల) గ్యాప్ సరిచేయడానికి బాబాయి చెప్పిన తొమ్మిది లెక్క ఇక్కడా పనిచేస్తుంది, ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాని గ్యాప్, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోదాని గ్యాప్ సరిచేయాలి, అలా రెండూ కూడితే తొమ్మిది రావాలి. గ్యాప్ 15 థౌ, అంటే 0.015 అంగుళం.

అసలు జాగ్రత్త మొదటి స్టార్ట్‌లో. కొత్త క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్), కొత్త ట్యాపెట్లు వేస్తే స్టార్ట్ అవ్వగానే ఐడిల్‌లో వదలకూడదు, 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు ఉంచాలి, ఐడిల్‌లో క్యామ్‌కి ఆయిల్ సరిపడా చిమ్మదు, దాని మీద ఉబ్బెత్తుగా ఉండే లోబ్స్ అక్కడికక్కడే అరిగిపోతాయి. అందుకే టైమింగ్ ముందే సరిచేసుకోండి, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లలోనూ పెట్రోల్ నిండేలా చూడండి, ప్లగ్గులు తీసేసి గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్‌తో తిప్పండి. ఆయిల్ 20డబ్ల్యూ50, జింక్ ఎక్కువ ఉన్నది. వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్‌ఐ చూపిస్తే అంతా బాగున్నట్టే.

వైరింగ్, సీట్లు, పైన గుడ్డ టాప్ అన్నీ చివర్లో, వాటికి తొందరేం లేదు. ఈ శనివారం జాకీ, అయస్కాంతం పట్టుకుని వెళ్లండి, సిల్స్ ఫోటోలు పెట్టండి, చూసి ఎంతకి అడగొచ్చో చెప్తాను.