మాస్టారికో ప్రశ్న: అరటిదొప్పలో థాయి దీపం

ప్రశ్న: మాస్టారూ, సంక్రాంతి సెలవులకు థాయిలాండ్ వెళ్తున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, డెబ్బై రెండేళ్ళ మా అత్తగారు. టూర్ ఏజెంటు ఒక సాయంత్రాన్ని పెద్ద సాంస్కృతిక ప్రదర్శన కోసం పెట్టాడు. వందమందికి పైగా నటులు, వేదిక మీద నది, ఏనుగులు ఉంటాయంటున్నాడు. మావారు మాత్రం "అదంతా టూరిస్టుల కోసం కట్టే వేషం, డబ్బు దండగ" అంటున్నారు. అత్తగారేమో "అక్కడా రామాయణం ఆడతారట కదా" అని ఆశగా ఉన్నారు. మీరు అలాంటిది ఒకటి చూశానని ఇదే శీర్షికలో రాసినట్టు గుర్తు. వెళ్ళమంటారా, మానమంటారా?
– ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: వెళ్ళండమ్మా. కాకపోతే రామాయణం చూడబోతున్నామన్న ఆశ మాత్రం అత్తగారికి పెట్టకండి. తర్వాత మీరే మాట పడవలసి వస్తుంది.

నేను చూసింది 2014లో, బ్యాంకాక్‌లోని రచ్చదా ప్రాంతంలో. పేరు సయాం నిరమిత్. ఇప్పుడది లేదు, ఆ సంగతి కింద చెబుతాను. 'నిరమిత్' అంటే మన 'నిర్మితం' అన్న మాటే. ఆ పేరు వినగానే సగం మెత్తబడ్డాను. మిగిలిన సగం మెత్తబడటానికి కారణం నా వృత్తి. సికింద్రాబాద్‌లో ముప్పై ఒక్కేళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. ఏటా పాఠశాల వార్షికోత్సవానికి తెరలు వేసింది నేనే. మా దగ్గర ఉన్నవి మూడే తెరలు: రాజదర్బారు, అడవి, వీధి. ఏ నాటకమైనా ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. ఒక ఏడు హరిశ్చంద్రుడి కాటిసీనులో అడవి తెర కప్పీకి చిక్కుకుని దిగనంది. పాపం చంద్రమతి రాజదర్బారులోనే కొడుకు శవం ముందు కూర్చుని ఏడ్చింది.

అటువంటివాడిని రెండువేల మంది పట్టే ఆ హాల్లోకి తీసుకువెళ్ళి కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వేదిక ముఖద్వారం ఎత్తే దాదాపు 12 మీటర్లు. నాలుగు అంతస్తుల మేడ అక్కడ నిలబెట్టవచ్చు. ముందుగా రాజుగారి గీతం వినిపించారు, హాలంతా లేచి నిలబడింది. మీ ఆటలో వినిపిస్తే మీరూ లేవండి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఆ దేశంలో దాన్ని చాలా గట్టిగా పట్టించుకుంటారు.

మూడు భాగాల ఆట. మొదటిది చరిత్ర: ఉత్తరాన లన్నా రాజ్యం, దక్షిణ తీరంలో చైనా వర్తకుల ఓడ, ఈశాన్యాన ఖ్మేర్ల రాతి గుడులు, ఆపైన అయుత్థయ. ఆ ఊరి పేరు మన అయోధ్యే. 1350లో కట్టుకున్న రాజధాని, 1767లో బర్మా సేనల చేతిలో బూడిదైంది. రెండో భాగం నరకం, హిమవంతమనే మాయ అడవి, స్వర్గం. మూడోది పండుగలు. ఓడ వచ్చి ఆగినప్పుడు నేను అబ్బో అనుకున్నాను, నిజమే. కానీ నన్ను కట్టిపడేసింది అది కాదు.

పల్లెటూరి దృశ్యం ఒకటి వచ్చింది. వేదిక ముందుభాగంలో, అంతకుముందే పదిమంది నాట్యం చేసి వెళ్ళిన చోట, నీళ్ళు మెరిశాయి. దీపాలతో చేసిన కనికట్టు అనుకున్నాను. ఇంతలో ఒక కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి దబ్బున అందులోకి దూకాడు. తుంపర్లు లేచాయి. తేలి, తల విదిలించుకుని, గట్టెక్కి నీళ్ళోడుతూ వెళ్ళిపోయాడు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఒకటే దిగులు: ఇప్పుడు ఆ తడి మీద ఎవరైనా నాట్యం చేస్తే కాలు జారదా? తుడుపుగుడ్డ పట్టుకుని ఎవరు వస్తారా అని చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. దీపాలు ఆరి వెలిగేసరికి నది లేదు. అదే చోట నేల పొడిగా ఉంది, దాని మీద ఆడపిల్లలు వేళ్ళు వెనక్కి విల్లులా వంచి అడుగులు వేస్తున్నారు. ఆ రాత్రి హోటల్లో నిద్రపట్టక మా ఆవిడకు ఆ నేల ఎలా జరిగి ఉంటుందో కాగితం మీద గీసి చూపించాను. ఆవిడ అప్పటికే నిద్రపోయిందని తర్వాత తెలిసింది.

మీవారి మాటకు వస్తాను. టూరిస్టుల కోసం వేసే ఆటే, అందులో అనుమానం లేదు. ఆయన గోల్కొండ కోటలో సాయంత్రం వేళ వెలుగూ ధ్వనీ ప్రదర్శన చూసే ఉంటారు. అదెవరి కోసం? మన సురభి వాళ్ళు 1885లో కడప జిల్లాలో 'కీచకవధ'తో మొదలుపెట్టి, తరాల తరబడి మాయలూ మంత్రాలూ రంగస్థలం మీద చూపించి కడుపు నింపుకున్నారు. టికెట్టు కొని వచ్చిన జనాన్ని నోరు తెరిపించడం తప్పు పనేమీ కాదు. అయితే ఆయన అనుమానంలో న్యాయం ఒకటుంది. ఇటువంటి ఆటలో ఏడు శతాబ్దాలు గంటన్నరలో పరుగెడతాయి. ఏ నాట్యమూ కుదురుగా చివరిదాకా కనబడదు. నరకంలో యముడి కొలువు చూసి పిల్లలు కేరింతలు కొడతారు గాని, దాని వెనుక సుఖోథై రాజు లిథై రాయించిన 'త్రైభూమి' అనే పద్నాలుగో శతాబ్దపు గ్రంథం ఉందని వేదిక మీద ఎవరూ చెప్పరు. అది చూసి థాయి కళంతా చూసేశామనుకుంటే పొరపాటు. ఆయనకు అసలు సిసలుది కావాలంటే ఖోన్ అనే ముసుగుల రామాయణ నాట్యం చూపించండి. దాని సంగతి కింద ఇంకొకరు అడిగారు.

ఇక అత్తగారు. పండుగల భాగంలో లోయ్ క్రథోంగ్ వస్తే ఆవిడ పక్కనే కూర్చోండి. అరటిబోదెను బిళ్ళగా కోసి, చుట్టూ అరటాకును రేకల్లా మడిచి గుచ్చి, నడుమ పూలు, అగరువత్తి, కొవ్వొత్తి పెట్టి నీళ్ళలో వదులుతారు. పన్నెండో చాంద్రమాసపు పున్నమి నాటి పండుగ. మన లెక్కలో దాదాపు ప్రతిసారీ కార్తిక పౌర్ణమే. మా ఆవిడ రాజమండ్రి మనిషి. హైదరాబాద్ వచ్చాక కార్తికంలో బాల్కనీలో ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, అందులో అరటిదొప్పలో దీపం వదులుతుంది. వేదిక మీద ఆ దీపాలు చూసి నా మోచెయ్యి పట్టుకుని, "గోదారి మర్చిపోయి ఈ ఊరొచ్చింది నేను. వీళ్ళు మర్చిపోలేదు చూడండి" అంది. మళ్ళీ వెంటనే "ఒత్తి బదులు కొవ్వొత్తేమిటో" అని ఒక నస కూడా పెట్టింది.

రెండు జాగ్రత్తలు. హాల్లో ఏసీ చలి ఎక్కువ, అత్తగారికి శాలువా తీసుకువెళ్ళండి. ఆట రాత్రి ఎనిమిదికంటే కంగారుపడకండి, మనకంటే అక్కడ గంటన్నర ముందు. ఆవిడ ఒంటికి అప్పుడు ఆరున్నరే. బండి మాత్రం తొందరగా రమ్మని ఏజెంటుకు రెండుసార్లు చెప్పండి. మమ్మల్ని తీసుకువెళ్ళవలసిన వ్యాను నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆట స్థలం బయట నాలుగు ప్రాంతాల పల్లె ఇళ్ళు కట్టి ఉంచారట. వాటిని మేము పరుగెత్తుతూ చూశాం, అంటే చూడలేదు.

ప్రశ్న: సయాం నిరమిత్‌కు టికెట్లు దొరకడం లేదు. ఎక్కడ కొనాలి?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దొరకవు బాబూ. బ్యాంకాక్‌లోది కరోనా దెబ్బకు 2021లో శాశ్వతంగా మూసేశారు. తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ నది కింద యంత్రాలు ఏమయ్యాయో అన్నదే నా బాధ. పుకెట్ ద్వీపంలో కమలా బీచి దగ్గర ఫాంటాసీ అని ఇంకో భారీ ఆట ఉంది, దాని హాలు మూడువేల మంది పట్టేది. అక్కడ ఆటకు ముందు ఫోన్లు, కెమెరాలు అప్పగించి లోపలికి వెళ్ళాలి. ఏ ఆటకైనా డబ్బు కట్టేముందు ఆ వారంలో ఏ రోజుల్లో ఆడుతున్నారో అడగండి, రోజూ ఉంటుందనుకోవద్దు.

ప్రశ్న: థాయి రామాయణంలో హనుమంతుడికి భార్యలు, కొడుకు ఉన్నారట. ఇదెక్కడి విడ్డూరం? మనవడికి ఆ ఆట చూపించవచ్చా?
– విశ్రాంత ఉద్యోగి, చిక్కడపల్లి

జవాబు: ఉన్నారండీ. కోపం తెచ్చుకోకుండా వినండి. వాళ్ళ రామాయణం పేరు రామకియన్. అయుత్థయ తగలబడిన తర్వాత, థాయి దేశాన్ని ఏలిన మొదటి రామా అనే రాజు 1797లో దానికి నిండైన రూపం ఇచ్చాడు. అందులో హనుమంతుడు తెల్లటి కోతి, గొప్ప వీరుడు, మాటకారి, పైగా సరసుడు. లంకకు వారధి కడుతుంటే రాళ్ళు మాయమవుతుంటాయి. నీళ్ళలోకి దూకి చూస్తే రావణుడి కూతురు, చేపతోక గల సుపన్నమచ్చా, తన చేపలతో వాటిని మోయించుకుపోతుంటుంది. పేరు మన సువర్ణమత్స్యే. తరుముతాడు, దొరకదు, చివరికి ఇద్దరికీ ప్రేమ పుడుతుంది. కొడుకు మచ్ఛాను. వాడు పెరిగి పాతాళంలో మైయరాప్ అనే రాక్షసుడి కోటకు కాపలా ఉంటాడు. రాముణ్ణి విడిపించడానికి వచ్చిన తండ్రితో తెలియక తలపడతాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ కథ మీకు తెలియదా? మైయరాప్ మన మైరావణుడు. మచ్ఛాను మన మత్స్యవల్లభుడు. మనవాళ్ళు బ్రహ్మచర్యానికి భంగం రాకుండా చెమటచుక్కను చేప మింగిందని చెప్పి గండం గట్టెక్కించారు. వాళ్ళు అంత శ్రమ తీసుకోలేదు. మనవడికి రెండు కథలూ చెప్పండి, ఏది నచ్చిందో వాడినే అడగండి.

ఆ కథను ఆడేదే ఖోన్. ముసుగుల నాట్యం. 2018లో యునెస్కో జాబితాకెక్కింది. రాముడు, సీత ముసుగు లేకుండా కిరీటాలతో వస్తారు. రాక్షసులకూ వానరులకూ నిండు ముసుగులుంటాయి. తోసకన్ అంటే మన దశకంఠుడు, ఆకుపచ్చ ముఖం. నటులు పెదవి కదపరు. మన తోలుబొమ్మలాటలోలా మాటా పాటా పక్కనుంచి వినిపిస్తాయి. ఒక సంగతి నాకు భలే నచ్చింది: జరీ దుస్తులు ఒంటికి అతికినట్టు ఉండాలని నటుడు నిలబడి ఉండగానే సూదీ దారంతో అతని మీదే కుట్టేస్తారు. ఆట అయ్యాక కుట్లు విప్పితేనే బయటపడతాడు. దాహం వేసినా, ఇంకేమి వచ్చినా అంతే. బ్యాంకాక్‌లో 1933లో తెరిచిన సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్లో ఖోన్ ఆడతారు. రాజప్రాసాదం చూడబోయేటప్పుడు అక్కడి టికెట్టు కౌంటర్లోనే అడగండి, ఆ టికెట్టుతోనే చిన్న ఖోన్ చూసే ఏర్పాటు ఉంది. ప్రాసాదం ఆవరణలోని పచ్చల బుద్ధుడి గుడి ప్రాకారం మీద రామకియన్ కథంతా 178 ఘట్టాలుగా చిత్రించి ఉంది. నేను అక్కడ మూడు గంటలు నిలబడ్డాను. మా ఆవిడ నీడలో కూర్చుని కొబ్బరిబొండాం తాగింది.

ప్రశ్న: ప్రదర్శనతో పాటు భోజనం కూడా అంటగడుతున్నారు. మేము శాకాహారులం.
– పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: 'మాంగ్‌సవిరత్' అనండి. మాంసవిరతి, మన మాటే. కానీ అంతటితో గుడ్డు పోదు, గట్టిగా కావాలంటే 'జే' అనండి. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కూరగాయల వేపుడులో సైతం చేపల రసం పోసే దేశం, అడగకుండా తినవద్దు. వీలైతే ఆట టికెట్టు మాత్రమే కొనుక్కుని, బయట తిని వెళ్ళండి.

ప్రశ్న: తాతగారూ, ఏనుగు నిజంగానే స్టేజి ఎక్కుతుందా? ఫొటో ఉంటే వేయండి.
– అయిదో తరగతి విద్యార్థి, మియాపూర్

జవాబు: ఎక్కింది నాన్నా. నేను చూసిన ఆటలో నిజం ఏనుగే వచ్చింది. నా వరుస దగ్గరగా నడిచినప్పుడు ఎండుగడ్డి వాసన వేసింది. అంత పెద్ద జంతువు అడుగు చప్పుడు వినిపించలేదు, డప్పుల మోత మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంది. ఆ మోతలో అది చెవులు ఆడిస్తుంటే నాకు జాలేసింది. ఏనుగు లేకపోయినా ఆ ఆటకు లోటేమీ ఉండేది కాదు.

ఫొటో లేదు. లోపల తీయనివ్వలేదు. అందుకని చీకట్లో టికెట్టు వెనుక పెన్సిలుతో బొమ్మ గీశాను. బయటికి వచ్చి వెలుతురులో చూసుకుంటే దానికి అయిదు కాళ్ళున్నాయి. ఈ సంచికలో అదే వేయమని సంపాదకుడికి ఇచ్చాను. ఒప్పుకోలేదు.