ఏసీ ఔట్‌డోర్ యూనిట్ బిగించడానికి బయటి గోడ మీద మాకు హక్కు లేదా?

ప్రశ్న: విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మాకు సొంత ఫ్లాట్ ఉంది. పడకగదికి స్ప్లిట్ ఏసీ పెట్టించి, ఔట్‌డోర్ యూనిట్‌ను వెనుకవైపు బయటి గోడకు బిగిద్దామనుకున్నాం. వేడిగాలి తమ కిటికీలోకి వస్తుందని పక్క ఫ్లాట్ వారు, బయటి గోడను ముట్టుకోవడానికి వీల్లేదని అసోసియేషన్ కార్యదర్శి అడ్డుపడుతున్నారు. మేమేం చేయాలి?

జవాబు: గోడకు లోపలివైపు మీకున్నంత స్వేచ్ఛ బయటివైపు లేదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం కింద పునాదులు, స్తంభాలు, దూలాలు, ప్రధాన గోడలు సాధారణంగా ఉమ్మడి భాగాలే. వాటిలో మీది అవిభాజ్య వాటా మాత్రమే. కాబట్టి కార్యదర్శి మాటను కొట్టిపారేయలేం. అయితే ఫలానా చోట వద్దనడం వేరు, అసలు ఏసీయే వద్దనడం వేరు. అదే గోడకు ఇతరుల యూనిట్లు ఇప్పటికే వేలాడుతుంటే, మీ ఒక్కరికే నిరాకరించడం న్యాయస్థానంలో నిలవడం కష్టం. తేదీ కనిపించేలా వాటి ఫొటోలు తీసుకుని, బైలాస్ (అసోసియేషన్ నియమావళి) ప్రతిని అడిగి తెప్పించుకోండి.

పక్కవారి అభ్యంతరం మరింత బలమైనది. ఇతరుల నివాస సౌఖ్యానికి గణనీయంగా భంగం కలిగించడాన్ని చట్టం న్యూసెన్స్‌గా పరిగణిస్తుంది. సున్నిత స్వభావులకు కలిగే చిరాకును కాక, ఆ ప్రాంతంలో నివసించే సామాన్యుడికి కలిగే ఇబ్బందినే కోర్టు కొలమానంగా తీసుకుంటుంది. ఫ్యాన్ ముఖం ఎదురుగా వారి పడకగది కిటికీ ఉండి, వేసవి రాత్రుల్లో వారు దాన్ని మూసుకోవలసి వస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున స్థలాన్ని చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) పంపి పరిశీలింపజేసి, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 39వ సెక్షన్ కింద యూనిట్‌ను తొలగించమని కోర్టు ఆదేశించవచ్చు. నిజానికి చాలా తగాదాలు వేడిగాలితో కాక నీటితో మొదలవుతాయి: డ్రెయిన్ పైపు కొసను గాలిలో వదిలేస్తే, కింది ఫ్లాట్ వారు ఆరేసిన బట్టల మీద రోజంతా చుక్కలు పడతాయి.

నా అభిప్రాయంలో మీ బాల్కనీలో, ఫ్యాన్ ముఖం రోడ్డువైపు తిరిగేలా పెట్టించడం మేలు. స్నానాల గదుల కిటికీలు తెరుచుకునే డక్ట్‌లో (గాలి కోసం వదిలిన ఇరుకు ఖాళీలో) పెట్టించకండి; వేడి అక్కడే తిరిగి మీ ఏసీనే దెబ్బతీస్తుంది, పైగా ఆ గాలి అందరిదీ. పైపు కోసం దూలానికో స్తంభానికో కోర్ కటింగ్ (యంత్రంతో గుండ్రటి రంధ్రం తొలచడం) చేయనివ్వకండి. ఆ ఒక్క పనితో కేసు మీకు ఎదురు తిరుగుతుంది.

స్థలాన్ని, డ్రెయిన్ పైపు దారిని చూపే చిన్న స్కెచ్ జతచేసి అసోసియేషన్‌కు లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. సమాధానం రాకపోయినా, పక్కవారు ఒప్పుకోకపోయినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ (దావా వేయకముందే రాజీ కోరే అర్జీ) పెట్టుకోవచ్చు. దానికి కోర్టు ఫీజు లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు (తీర్పుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అంతవరకూ బయటి గోడకు బ్రాకెట్లు కొట్టించకండి.