సిరిల్‌లో బాగున్న ఫోటో గింప్‌లో నల్లగా రావడం: సమాధానం

మీ ఫైల్ పాడవలేదండీ, టెన్షన్ పడకండి. స్టాకింగ్ (చాలా షాట్లను ఒకే ఫోటోగా కలపడం) అయ్యాక ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం ఖగోళ ఫోటోల సాఫ్ట్‌వేర్ సిరిల్‌లో చక్కగా కనబడి, అదే టిఫ్ ఫైల్‌ను ఫోటో ఎడిటర్ గింప్‌లో తెరిస్తే నాలుగు చుక్కలు తప్ప అంతా నలుపే అన్నారు కదా. సిరిల్‌లో ఫోటో కింద ఉండే మెనూ ‘ఆటోస్ట్రెచ్’ మీద ఉండి ఉంటుంది, చూసుకోండి. అది తెర మీద చూపించడానికే, ఫైల్‌లోని డేటాను ముట్టుకోదు. ‘లీనియర్’కి మారిస్తే అక్కడా ఆ నలుపే కనిపిస్తుంది.

అంటే స్ట్రెచ్, అదే మసక వివరాలను వెలుగులోకి తేవడం, మీరే చేయాలి. కానీ దానికి ముందే, డేటా ఇంకా లీనియర్‌గా ఉండగానే, బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఆకాశంలోని అనవసర వెలుగును తీసేయడం), ఆ తర్వాత కలర్ కాలిబ్రేషన్ (రంగులు సరిచేయడం) ముగించండి. వీధి దీపాల వల్ల ఒక మూల తేలిన నారింజ రంగు చాలావరకు అక్కడే పోతుంది. బ్యాక్‌గ్రౌండ్‌ను కొలవడానికి పెట్టే శాంపిల్ చుక్కలు నెబ్యులా మీద పడితే మాత్రం తీసేయండి, లేకపోతే అసలు సరుకే తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక హిస్టోగ్రామ్ విండోలో మిడ్‌టోన్స్ త్రికోణాన్ని మెల్లగా, రెండు మూడు విడతల్లో ఎడమకు జరపండి. ఒకేసారి లాగేస్తే నెబ్యులా నడిమి ట్రెపీజియం అనే గుంపులోని నక్షత్రాలు తెల్లటి మచ్చలో కలిసిపోతాయి. ఆ చోటు షాట్‌లోనే కాలిపోయి (వివరాలు లేకుండా పూర్తిగా తెల్లబడి) ఉంటే ఏ స్లయిడరూ కాపాడదు. 5, 10 సెకన్ల ఎక్స్‌పోజర్లు విడిగా తీసి కలపాల్సిందే. స్ట్రెచ్ అయ్యాక 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేసి గింప్‌లో తెరవండి.