డెబ్బై అయిదు పుస్తకాలు కట్టబోతున్న అమ్మాయికి

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

డెబ్బై అయిదు ప్రతుల కథల పుస్తకం చేత్తో కట్టే పని గురించి ఫోనులో నువ్వు మూడు సంగతులు అడిగావు. అట్ట ఎంత మందం ఉండాలి, ఏ జిగురు వాడాలి, వేడి జిగురు మిషను కొనాలా వద్దా అని. మూడింటికీ జవాబు రాస్తాను. అయితే వీటికంటే ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉంది. ఆ కథల పుస్తకం లోపలి కాగితాలు నీ చేతికి ఏ రూపంలో వస్తున్నాయి? విడి కాగితాలుగా కోసి ఇస్తారా, మడతపెట్టి కుట్టుకునేలా ఇస్తారా? మిగతా పని అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

కొద్ది ప్రతుల పనిలో డబ్బూ శ్రమా వెన్ను మీద, అంటే పేజీలన్నీ కలిసే అంచు మీద, పెట్టాలన్నది నా అభిప్రాయం. కొనేవారి కంటికి ముందు కనిపించేది అట్టే, నిజమే. చదివేవారికి మాత్రం పుస్తకం చక్కగా తెరుచుకుని, వదిలేసినా తెరిచిన చోటే నిలవాలి. పేజీ ఊడకూడదు. వేల ప్రతులు కట్టే పెద్ద ప్రెస్సుతో మెరుపులో నువ్వు పోటీపడలేవు, పడనవసరమూ లేదు. వాళ్లకు ఖర్చెక్కువని వదిలేసే చేతికుట్టు డెబ్బై అయిదు ప్రతులకు నీకు సాధ్యమే. నీ బలం అదే.

మన ఊళ్లోని డిజిటల్ ప్రింటింగ్ షాపులకు ఫైలు ఇచ్చి ఏమీ చెప్పకపోతే ఏ5 సైజులో విడి కాగితాలు కోసి కట్టలు కట్టి ఇస్తారు. వాటిని మడత మధ్యలోంచి కుట్టే వీలు లేదు. కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే పదహారు పేజీల ఫారాలుగా, అంటే మడిచి కుట్టే చిన్న కట్టలుగా, ఇంపోజిషన్ చేయమని అడుగు. మడిచాక పేజీలు వరసగా వచ్చేలా అమర్చి అచ్చువేయడమే ఇంపోజిషన్. 240 పేజీల పుస్తకానికి 15 ఫారాలు అవుతాయి. ఒక్కో ఫారంలో నాలుగు ఏ4 కాగితాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా చదువు. కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. తేమ తగిలినప్పుడు కాగితం నారల పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగా సాగుతుంది. గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉంటే ఆ సాగుడు పేజీ బయటి అంచు వైపు పోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అడ్డంగా ఉంటే వెన్ను పొడవునా సాగాలని చూస్తుంది. వెన్ను దగ్గర జిగురు పట్టి ఉంచుతుంది కనుక పేజీలు అలలుగా లేస్తాయి, పుస్తకం మొండిగా తెరుచుకుంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఈ లోపం ఒక్క వానాకాలంలోనే బయటపడుతుంది.

బజారులో దొరికే మామూలు ఏ4 కాగితాల్లో గ్రెయిన్ ఎక్కువగా పొడవు వైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిచి ఏ5 చేస్తే గ్రెయిన్ వెన్నుకు అడ్డం పడుతుంది. దీనికి మార్గం సులువు. పొడవు గ్రెయిన్ ఉన్న ఏ3 కాగితం తీసుకుని రెండు ఏ4లుగా కోయిస్తే గ్రెయిన్ పొట్టి వైపుకు వస్తుంది. అవి మడిస్తే సరిగ్గా కూర్చుంటాయి. కాగితాన్ని రెండు దిక్కులా మెల్లగా వంచి చూడు. తక్కువ ప్రతిఘటనతో వంగినప్పుడు ఆ వంపు గీత ఏ దిక్కున ఉందో గ్రెయిన్ ఆ దిక్కునే ఉన్నట్టు. అట్టకూ, ఎండ్ పేపరుకూ (పుస్తకాన్ని అట్ట లోపలి వైపుకు అతికించే కాగితానికి) ఇదే సూత్రం. అన్నిటి గ్రెయిన్ పైనుంచి కిందికి, వెన్ను వెంటే ఉండాలి. గుడ్డ అయితే పడుగు, అంటే నేతలోని నిలువు దారాలు, ఆ దిక్కున ఉండాలి.

ప్రింటు చేసి తెచ్చిన రోజే మడతలు మొదలుపెట్టకు. లేజర్ మిషను వేడికి కాగితంలోని తేమ ఆరిపోయి ఉంటుంది. మన గాలిలోకి రాగానే అంచుల నుంచి తేమ పీల్చుకుని వంకర తిరుగుతుంది. కాగితాలను చిన్న దొంతరలుగా పరిచి, పైన తేలికపాటి బరువు పెట్టి ఒక రోజంతా గదిలో ఉంచు. ఆ తర్వాత మడిచి, ఫారాలన్నీ పలకల మధ్య నొక్కే బైండింగు ప్రెస్సులో ఒక రాత్రి బిగించు. ఈ రాత్రిని ఆదా చేయాలని చూడకు. ఫారాలు అణగకపోతే ఆ తర్వాత కొలిచే ప్రతి కొలతా తప్పుతుంది.

కుట్టుకు వద్దాం. రంధ్రాలు పొడవడానికి అట్టముక్కతో ఒక కొలబద్ద చేసుకో. అన్ని ఫారాలకూ అదే వాడితే రంధ్రాలు ఒకే వరసలో పడతాయి. అర అంగుళం నూలు టేపులు రెండు చాలు, పై అంచునా కింది అంచునా ఒక ఫారాన్ని ముందు ఫారానికి కలిపే ముడికుట్టు. దారం నారదారమైతే మంచిది, దొరక్కపోతే గట్టిగా పేనిన నూలుదారం వాడు. తేనెమైనం మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. నైలాన్ దారం వద్దు, అది సాగుతుంది, బిగిస్తే కాగితాన్ని కోస్తుంది. దారం బిగించేటప్పుడు వెన్ను వెంట లాగు. నీ వైపు లాగావంటే మడత చిరుగుతుంది. పదిహేను ఫారాలంటే వెన్ను దగ్గర పదిహేను దారాలు పోగుపడతాయి, ఆ వైపు పుస్తకం ఉబ్బుతుంది. దారం లావైనకొద్దీ ఉబ్బు ఎక్కువ. అందుకే సన్నదారం ఎంచుకుని, కుట్టడం పూర్తయ్యాక వెన్నును మళ్లీ ప్రెస్సులో అణచు. డెబ్బై అయిదు పుస్తకాలకు 1125 ఫారాలు కుట్టాలి. ఒక్కదానివే కూర్చోకు, ఇంట్లో ఓపిక ఉన్నవాళ్లకు నేర్పించు. మొదటి రెండు మూడు పుస్తకాలకే చేయి తిరుగుతుంది.

కుట్టు గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన తర్వాత తడిసిన పుస్తకాలు సంచుల్లో నా దగ్గరికి వచ్చాయి. మైదా జిగురుతో కట్టి, దారంతో కుట్టిన పాత పుస్తకాలను విప్పగలిగాను. ఫారాలను విడదీసి ఆరబెట్టి మళ్లీ కుట్టాను. వేడి జిగురుతో అతికించిన విడి పేజీల పుస్తకాల్లో చాలావాటిని పుస్తకాలుగా నిలబెట్టలేకపోయాను. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపరు మీద అచ్చయినవి పేజీకి పేజీ అతుక్కుని ఇటుకల్లా బిగుసుకుపోయాయి. మరమ్మతు చేయడానికి వీలున్న పుస్తకమే మన తీరానికి తగిన పుస్తకమని నా నమ్మకం.

ఇప్పుడు మిషను సంగతి. వద్దు. ఇన్ని ప్రతులకు ఆ పెట్టుబడి అక్కర్లేదు. పైగా చిన్న వేడి జిగురు మిషను కట్టిన వెన్ను రెండు మూడుసార్లు వెనక్కి విరిచి చదివితే పగులుతుంది. ఎప్పుడైనా నీ దగ్గరికి తప్పనిసరిగా విడి కాగితాలే వస్తే, యూనివర్సిటీ థీసిస్‌ల లాంటివి, వేరే పద్ధతి ఉంది. కట్టను బిగించి వెన్ను అంచును ఒక పక్కకు విసనకర్రలా వాల్చి తెల్లజిగురు రాయి. తర్వాత రెండో పక్కకు వాల్చి మళ్లీ రాయి. ప్రతి కాగితం అంచుకూ రెండు వైపులా సన్నగా జిగురు పట్టి పక్క కాగితాన్ని పట్టుకుంటుంది. జర్మనీలో ఎమిల్ లుంబెక్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. దబ్బనంతో పక్క నుంచి పొడిచి కుట్టే మన మామూలు థీసిస్ బైండింగులో లోపలి మార్జిన్ కుట్టులోకి పోతుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. దీంట్లో ఆ బాధ లేదు.

జిగురు విషయంలో ఒకే డబ్బాతో అన్ని పనులూ చేయాలనుకోకు. వెన్నుకు ఎండిన తర్వాత కూడా వంగే తెల్లజిగురు కావాలి. చెక్కపనికి వాడే రకం ఎండాక బిరుసెక్కుతుంది. అడిగి పుస్తకాల రకమే కొను. అది త్వరగా ఆరుతుంది, తేమ తక్కువ ఇస్తుంది, కానీ ఒకసారి పట్టాక విడదీయలేం. మైదా జిగురు నెమ్మదిగా ఆరుతుంది కనుక గుడ్డను సర్దుకోవడానికి సమయం ఇస్తుంది. అవసరమైతే నీళ్లతో విప్పవచ్చు. ఒక పాలు మైదాకు ఐదారు పాళ్ల నీళ్లు పోసి, ఉండకట్టకుండా కలుపుతూ సన్నసెగ మీద గాజులా మెరిసేదాకా ఉడికించు. అట్టకు గుడ్డ అంటించడానికి ఈ రెండూ కలిపి వాడతాను, తెల్లజిగురు కొంచెం ఎక్కువగా. మైదా మన ఎండలకు త్వరగా పులుస్తుంది, కాబట్టి ఏ రోజుకారోజు వండుకో. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమని పాతవాళ్లు నీకు చెబుతారు. నువ్వు కలపకు. అది విషం. పైగా అది రాగి లవణం కనుక ఏళ్లు గడిచేకొద్దీ కాగితం నారను తినేస్తుంది. పలుచగా రాసి, బాగా ఆరబెట్టి, గాలి ఆడే బీరువాలో ఉంచడమే పురుగుకు మందు.

వెన్ను మీద తెల్లజిగురు మొదటి పూత ఆరాక, గాయాలకు కట్టే లాంటి పలుచని గాజుగుడ్డ అంటించు. రెండు పక్కలా అంగుళం చొప్పున బయటికి ఉండాలి, పుస్తకాన్ని అట్టకు పట్టి ఉంచేది అదే. దానిపైన క్రాఫ్ట్ కాగితం, అంటే గట్టి గోధుమరంగు ప్యాకింగు కాగితం. అంగుళం కన్నా తక్కువ మందమున్న పుస్తకానికి వెన్ను గుండ్రంగా కొట్టనవసరం లేదు, సమంగా ఉంచు. వెన్ను చివర రంగు పట్టీ నీ ఇష్టం, అది అందానికే.

అట్టకు 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు చాలు. ఈ సైజు పుస్తకానికి 3 మిల్లీమీటర్లది బరువు తప్ప ఏమీ ఇవ్వదు. మూడు వైపులా కోసిన తర్వాత పేజీ 140 వెడల్పు, 205 ఎత్తు మిల్లీమీటర్లు మిగిలిందనుకో. అట్ట ఎత్తు 211, అంటే పైనా కిందా మూడేసి ఎక్కువ. వెడల్పు 137. రెండు అట్టల మధ్య వెన్నుకు వచ్చే అట్ట పట్టీ వెడల్పును లెక్కవేసి కోయకు. కుట్టిన పుస్తకానికి రెండు వైపులా అట్టలు పెట్టి చేత్తో నొక్కి కొలువు. అట్టకూ వెన్ను పట్టీకీ మధ్య 7 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీకి సరిపోయే అట్టముక్క ఒకటి కోసి పెట్టుకుంటే ప్రతిసారీ స్కేలు పట్టనక్కర్లేదు, అన్ని కవర్లూ ఒకేలా వస్తాయి. చుట్టూ మడవడానికి 15 మిల్లీమీటర్ల గుడ్డ వదులు. మూలలు కోసేటప్పుడు అట్టకు మరీ దగ్గరగా కోయకు. అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు వదలకపోతే మూల బోసిగా కనిపిస్తుంది.

పైగుడ్డగా రెక్సిన్ చౌక అని చాలామంది సూచిస్తారు. దాని పైపూత మీద జిగురు సరిగా పట్టదు. లోపలికి మడిచిన చోట ఎండ్ పేపరు కొన్నాళ్లకు లేచిపోతుంది. కాలికో అనే గంజి పెట్టిన నూలుగుడ్డ మంచిదే, కానీ అందులోని గంజి బొద్దింకలకు ఇష్టం. కాగితం వెనక అతికించిన బైండింగు గుడ్డ దొరికితే అదే తీసుకో. నాకు ఇష్టమైనది మాత్రం చేనేత గుడ్డ. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరులో కాస్త ముతక రకం ఎంచుకుని చూడు. ఊరికే అంటిస్తే నేత సందుల్లోంచి జిగురు పైకి ఊరి మచ్చలు పడతాయి. ముందుగా గుడ్డను తడిపి గాజు పలక మీద ముడతలు లేకుండా పరిచి, మైదా జిగురు రాసిన పలుచని కాగితాన్ని దాని వెనక అతికించు. పూర్తిగా ఆరాక ఊడదీసి వాడుకో. మన ఉత్తరాంధ్ర రచయిత కథలకు మన ఉత్తరాంధ్ర నేత పైగుడ్డ అయితే ఆయన సంతోషిస్తారు.

ఆ గుడ్డ మీద పేరును బంగారు రేకుతో కొట్టించకు. తెలుగు అక్షరాల్లో సున్నాల లోపలి ఖాళీలు, వత్తుల వంపులు చిన్న సైజులో మూసుకుపోతాయి. గరుకు నేత మీద మరీ ఎక్కువ. అట్ట మీద పలుచగా ఒక గడి లోతు చేసి, అందులో అచ్చువేసిన కాగితం లేబులు అంటించు. గడి అంచులు లేబులును రాపిడి నుంచి కాపాడతాయి. బంగారు రేకుకు చేయించే అచ్చు బ్లాకు ఖర్చూ మిగులుతుంది.

చివరగా పుస్తకాన్ని కవరులో అతికించడం. ఎండ్ పేపరు కింద వృథా కాగితం పెట్టి, వెన్ను వైపు నుంచి బయటికి జిగురు పలుచగా లాగు. ఆ వృథా కాగితానికి పాత వార్తాపత్రికలు వాడకు, సిరా అంటుతుంది. కవరు మూసి, ఆ 7 మిల్లీమీటర్ల గాడిలో సన్న కడ్డీలు పెట్టి ప్రెస్సులో బిగించు. కడ్డీలు ఇత్తడివి గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ కావాలి. మామూలు ఇనుప చువ్వలు మన ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డ మీద గీత వేస్తాయి. ఒక రాత్రి ఉంచు, వాన పడుతుంటే రెండు రాత్రులు. తడి పూర్తిగా ఆరకముందే ఏసీ గదిలోకి తీసుకెళ్తే అట్టలు విల్లులా వంగుతాయి. ఆవిష్కరణ సభ కోసం హడావిడిగా తెచ్చిన పుస్తకాలు వేదిక మీదే వంగడం చూశాను. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లు వచ్చే రోజులకు మాట ఇవ్వకు. పని ఇచ్చినవాళ్లు తేదీ అడిగితే వారం రోజులు కలిపి చెప్పు.

పని మొదలుపెట్టే ముందు అసలు కాగితం, అసలు గుడ్డ, అసలు జిగురుతో ఒక్క పుస్తకం పూర్తిగా కట్టు. అది ఆరి నాలుగు రోజులు గడిచాక చూసి, కొలతలు ఖాయమయ్యాకనే మిగతా అట్టలన్నీ ఒకేసారి కోయించు. ఫారాలు ఐదు ప్రతులకు అదనంగా ప్రింటు చేయించి, ఆ ఖర్చు ధరలో కలుపు. కుట్టుకు పట్టిన గంటలను కూడా లెక్కలో వేయి. మొహమాటపడి దాన్ని ఉచితం చేస్తే రెండో ఆర్డరు నాటికి నీకు ఓపిక ఉండదు.

మొదటి పుస్తకాన్ని కుట్టు పూర్తయ్యాక, కవరు వేయకముందే నా దగ్గరికి పట్టుకురా. కుట్టులో బిగువు ఎంతుందో అప్పుడైతేనే చూడగలను. నా దగ్గర నారదారం రీళ్లు కొన్ని ఉన్నాయి, అవి కూడా తీసుకెళ్లు. సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న