కొత్త సెన్సార్ వేసినా తిరిగొచ్చే క్యామ్‌షాఫ్ట్ కోడ్: సమాధానం

క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) సెన్సార్‌ను రెండుసార్లు మార్చినా, వానలో తిరిగిన మరునాడే కోనసీమలోని మీ పాత కారులో పి0340 కోడ్ (ఆ సెన్సార్ సర్క్యూట్‌లో లోపముందని ఇంజిన్ కంప్యూటర్ చూపే సంకేతం) మళ్లీ వస్తోందంటే, లోపం కనెక్టర్‌లోనో వైరింగ్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ. కోనసీమ తేమకు, ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పడతాయి.

1. బ్యాటరీ నెగెటివ్ తీసి, పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. బ్యాటరీ తిరిగి కలిపి, ఇంజిన్ బాగా వేడెక్కి నడుస్తుండగా, సెన్సార్ ఎర్త్ తీగకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మల్టీమీటర్‌తో వోల్టేజి చూడండి, 0.1 వోల్టు దాటితే ఎర్త్‌ను అనుమానించాలి. ఫ్యానుకు, బెల్టుకు చేయి దూరంగా ఉంచి తీగల కట్టను మెల్లగా కదిపినప్పుడు ఇంజిన్ తడబడితే, పైతొడుగు బాగానే కనిపించినా లోపల రాగి తెగి ఉండవచ్చు. చల్లని ఇంజిన్‌పై ఇది తరచుగా బయటపడదు.

3. ఇవన్నీ సరిగా ఉంటేనే టైమింగ్ చైన్ (క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు) సాగిందేమో మెకానిక్‌కు చూపించండి.